మెకింటాష్ ఎస్‌ఈలో 68020 యాక్సిలరేటర్ కార్డు: బిగించే ముందు ఏమేం చూసుకోవాలి?

నాగావళి68కె (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. నా దగ్గర యాపిల్ వాళ్ల పాత కంప్యూటర్ మెకింటాష్ ఎస్‌ఈ ఉంది, 800కె ఫ్లాపీ డ్రైవుతో వచ్చిన తొలి రకం. ప్రాసెసర్ మామూలు 68000, ర్యామ్ 4 ఎంబీ, పాత హార్డ్‌డిస్కు స్థానంలో బ్లూస్కజీ (మెమరీ కార్డుని హార్డ్‌డిస్కులా చూపించే చిన్న బోర్డు). సిస్టమ్ 6.0.8తో చక్కగా నడుస్తోంది. దీనికి సెకండ్ హ్యాండ్ యాక్సిలరేటర్ కార్డు (ఇంకా వేగమైన ప్రాసెసర్ ఉన్న అదనపు బోర్డు) ఒకటి దొరికింది. 68020 చిప్పు మీద ఆర్‌సీ16 అని ఉంది. 32కె స్టాటిక్ ర్యామ్ కాష్ (మళ్లీ మళ్లీ కావలసినవి దాచుకునే వేగమైన మెమరీ), ఐదారు పాల్ చిప్పులు (కార్డు పనిని నడిపించే లాజిక్ చిప్పులు), 68881 (లెక్కలు వేగంగా చేసే సహాయ ప్రాసెసర్) పెట్టుకోడానికి ఖాళీ సాకెట్ ఉన్నాయి. అడుగున 96 పిన్నుల కనెక్టర్. మాన్యువల్ లేదు గానీ కంట్రోల్ ప్యానెల్ ఫైలు డిస్క్ ఇమేజ్‌గా దొరికింది.

పాత ఎస్‌ఎమ్‌పీఎస్ (పవర్ సప్లై) ఈ అదనపు లోడు మోస్తుందా? పిక్చర్ ట్యూబ్ డిశ్చార్జి చెయ్యకుండా కార్డు పెట్టుకోవచ్చా? 68881 కొంటే ఉపయోగం ఉంటుందా? సోల్డరింగ్, మల్టీమీటర్ అలవాటే. పిక్చర్ ట్యూబ్ ఉన్న మిషన్ విప్పడం మాత్రం కొత్త.

బొబ్బిలి_సోల్డర్:

నాగావళి గారూ, కార్డుని యాంటీస్టాటిక్ కవర్లోనే ఉండనివ్వండి. ముందు కార్డు లేకుండా మిషన్ ఎలా ఉందో కొలిచి, ఆ అంకెలు కాగితం మీద రాసుకోండి. కార్డు పెట్టాక తేడా వస్తే పోల్చుకోడానికి అవే ఆధారం. కొలతలు లేకుండా కార్డు దిగేస్తే, తప్పు కార్డుదో మిషన్‌దో ఎప్పటికీ తేలదు.

విప్పడానికి టి15 టార్క్స్ డ్రైవరు కావాలి. మామూలు పొడవుది పనికిరాదు. పై రెండు స్క్రూలు హ్యాండిల్ గుంటలో లోతుగా ఉంటాయి, కాడ కనీసం ఆరేడు అంగుళాలు ఉండాలి. ఎస్‌ఈకి మొత్తం నాలుగు స్క్రూలు: హ్యాండిల్ కింద రెండు, వెనక పోర్టుల దగ్గర రెండు. పైవీ కిందవీ కలిపెయ్యకండి, వేరువేరుగా పెట్టుకోండి. ప్లాస్టిక్‌లో దిగే మరకీ, ఇనుప చట్రంలో దిగే మరకీ ఒకటి కాదు. తప్పు స్క్రూ బలవంతంగా తిప్పితే ప్లాస్టిక్ మర అరిగిపోతుంది, ఇక పట్టదు.

స్క్రూలు తీశాక మంచం మీదో బల్ల మీదో దళసరి తువ్వాలు పరిచి, స్క్రీన్ కిందికి వచ్చేలా బోర్లా పెట్టండి. వెనక డొప్పని పైకి లాగండి. బిగుసుకుంటే చీలికలో స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పకండి, మచ్చ పడుతుంది. డొప్పని రెండు చేతులతో పట్టుకుని, బొటనవేళ్లతో పోర్టుల లోహపు అంచుని కిందికి నొక్కుతూ ఊపితే వచ్చేస్తుంది.

ట్యూబ్ సంగతి. కార్డు కోసం ఈహెచ్‌టీ క్యాప్ (ట్యూబ్‌కి హై వోల్టేజి వెళ్లే వైరు మీది రబ్బరు మూత) పీకనక్కర్లేదు. లాజిక్ బోర్డు అడుగున ఉంటుంది, గాడిలో జరిపి బయటికి తీస్తారు. కానీ కేబుళ్లు పీకేటప్పుడు చెయ్యి ట్యూబ్ పక్కనుంచే వెళ్తుంది కాబట్టి డిశ్చార్జి చేసుకోవడమే మంచిది. ప్లగ్గు గోడ నుంచి తీసెయ్యండి. ప్లాస్టిక్ పిడి ఉన్న సన్నని చప్పిడి స్క్రూడ్రైవర్‌కి క్లిప్పు వైరు తగిలించి, రెండో కొస ఇనుప చట్రానికి పట్టించండి. లాజిక్ బోర్డు గ్రౌండ్‌కి మాత్రం వద్దు. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, డ్రైవరు మొనని రబ్బరు క్యాప్ అంచు కిందినుంచి లోపలి లోహం తగిలేదాకా మెల్లగా జరపండి. టప్‌మని చిన్న శబ్దం రావచ్చు, రాకపోవచ్చు. పది నిమిషాలు ఆగి మళ్లీ చెయ్యండి, ట్యూబ్ గాజులో మిగిలిన చార్జి మళ్లీ పేరుకుంటుంది. ధైర్యం చాలకపోతే సీఆర్‌టీ టీవీలు బాగుచేసిన పాత మెకానిక్‌ని ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి. ఎల్‌ఓటీ (హై వోల్టేజి పుట్టించే ట్రాన్స్‌ఫార్మర్), ఈహెచ్‌టీ వాళ్లకి కొట్టిన పిండి, ఇదీ అదే సరుకు.

అసలు జాగ్రత్త ట్యూబ్ మెడ దగ్గర. మెడ చివర చిన్న బోర్డు ఉంటుంది. కనెక్టరు పీకుతుంటే చెయ్యి జారి దానికి మోచెయ్యి తగిలితే గాజు విరిగి గాలి చొరబడుతుంది. అంతే, ట్యూబ్ పోయినట్టే. కనెక్టర్లు నిటారుగా, రెండు పక్కలా కొంచెం కొంచెం ఊపుతూ తియ్యండి. పవర్ కనెక్టరుకి గొళ్లెం ఉంటుంది, అది నొక్కి పట్టుకోవాలి. స్కజీ రిబ్బన్, ఫ్లాపీ రిబ్బన్, స్పీకరు వైరు తీశాక బోర్డుని పైకి జరిపితే గాడిలోంచి పక్కకి వాలుతుంది.

బోర్డు చేతికి రాగానే మొదట బ్యాటరీ చూడండి. సగం ఏఏ సైజు, 3.6 వోల్టుల లిథియం. తొలి ఎస్‌ఈల్లో నేరుగా సోల్డర్ చేసి ఉంటుంది. ఎంత బాగున్నట్టు కనిపించినా తీసెయ్యండి. అది పగిలితే కారే రసం బోర్డు ట్రాకుల్ని తినేస్తుంది. బ్యాటరీ లేకపోయినా ఎస్‌ఈ లేస్తుంది, గడియారమూ కంట్రోల్ ప్యానెల్ సెట్టింగులూ మాత్రం ప్రతిసారీ మొదటికొస్తాయి.

గంటస్తంభం (విజయనగరం):

పవర్ సంగతి నేను చెప్తాను, ఈ పనిలో సగం తలనొప్పి అక్కడే.

ముందుగా వెనక లేబుల్ చదవండి. బయటి దేశం నుంచి వచ్చిన పాత కాంపాక్ట్ మెక్‌లలో 110 వోల్టులకే చేసినవి ఉన్నాయి. లేబుల్ మీద 240 దాకా రేంజి రాసి ఉంటేనే మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టాలి, లేకపోతే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మూడో పిన్నుకి నిజమైన ఎర్తింగ్ ఉందో లేదో కూడా చూసుకోండి.

5 వోల్టులు కొలవడానికి మిషన్ విప్పనక్కర్లేదు. వెనక బయటి ఫ్లాపీ పోర్టు, 19 రంధ్రాలది, ఉంది కదా. అందులో 1 నుంచి 4 దాకా గ్రౌండ్, 5 మైనస్ 12 వోల్టులు, 6 ప్లస్ 5, 7, 8 ప్లస్ 12. ఏ వైపు నుంచి లెక్కపెట్టాలో గందరగోళం వద్దు. మిషన్ ఆపి ఉంచి, మీటరు బీప్ మోడ్‌లో చట్రానికీ రంధ్రాలకీ పెడితే, పది రంధ్రాల వరుసలో ఏ కొస నుంచి వరసగా నాలుగు మోగుతాయో అదే మొదలు. ఆరోది మీకు కావలసినది. దాని పక్కనే 12 వోల్టులు ఉంది, మర్చిపోకండి. ప్రోబు మొన జారి 6, 7 కలిస్తే 5 వోల్టుల లైనులోకి 12 వెళ్లి బోర్డు మీద చిప్పులు కాలిపోతాయి. అందుకే రంధ్రంలో పట్టే సన్నని వైరు ముక్కకి, కొస తప్ప మిగతా అంతా స్లీవ్ వేసి, మిషన్ ఆపి ఉన్నప్పుడే 6లో దూర్చండి. క్లిప్పు తగిలించి, ఆ తర్వాతే స్విచ్ వెయ్యండి. వెలుగుతుండగా ప్రోబు చేత్తో పట్టుకుని వెతకొద్దు.

5.00 నుంచి 5.10 మధ్య ఉంటే బాగున్నట్టు. 4.90 కన్నా తక్కువ ఉంటే కార్డు పెట్టే ముందే దాని సంగతి చూడాలి. ఈ చిప్పులన్నీ 5 వోల్టులకి అటూ ఇటూ 5 శాతం వరకే హామీతో పనిచేస్తాయి, అంటే కింది హద్దు 4.75. ఆ హద్దు పోర్టు దగ్గర లెక్క కాదు, చిప్పు కాళ్ల దగ్గర లెక్క. మీ కార్డులో 68020 తినే కరెంటు పెద్దది కాదు, ఒకటిన్నర వాట్ల లోపలో ఆ పైనో. ఆ కాలపు బైపోలార్ పాల్ చిప్పులే తిండిపోతులు. ఒక్కొక్కటి వంద మిల్లీయాంపియర్ల పైన లాగుతుంది. ఐదారు పాల్‌లు, స్టాటిక్ ర్యామ్, 68020 అన్నీ కలిపితే ఒక యాంపియర్ పైన అదనపు లోడు అనుకోండి. ఎస్‌ఎమ్‌పీఎస్ ఆరోగ్యంగా ఉంటే మోస్తుంది. కెపాసిటర్లు ఎండిపోయి ఉంటే అసలు రంగు అప్పుడు బయటపడుతుంది.

ఎస్‌ఎమ్‌పీఎస్ పెట్టె తెరిచే అవకాశం ఉంటే మెయిన్స్ వైపు పారదర్శకంగా, తేనె రంగులో ఉండే కాగితపు కెపాసిటర్ కోసం చూడండి. దాని ఒంటి నిండా సన్నని బీటలు కనిపిస్తే వెంటనే మార్చాలి. తేమ లోపలికి వెళ్లి ఏదో ఒక రోజు పొగతో పేలుతుంది. ఎక్స్2 రకం, 275 వోల్టుల ఏసీది, అదే విలువది వెయ్యండి. మామూలు డిస్క్ కెపాసిటర్ అక్కడ వెయ్యకూడదు. పెద్ద 400 వోల్టుల కెపాసిటర్‌లో చార్జి ఉంటుంది, దాన్ని రెసిస్టరుతో ఖాళీ చేశాకే చెయ్యి పెట్టండి.

అనలాగ్ బోర్డు (పిక్చర్ ట్యూబ్‌ని నడిపే బోర్డు) వెనకవైపు పవర్ కనెక్టరు, యోక్ కనెక్టరు కాళ్ల దగ్గర డ్రై సోల్డర్ కూడా చూడండి. పిన్ను చుట్టూ సన్నని ఉంగరంలాంటి గీత కనిపిస్తే పాత సోల్డర్ పీల్చేసి కొత్తది వెయ్యండి.

కళింగపట్నం_లైట్‌హౌస్:

మన సముద్రపు గాలికి పాడయ్యేవి చిప్పుల కన్నా ముందు కనెక్టర్లు. ఉప్పు తేమ తగిరం పూతని పట్టేస్తుంది. అందుకే కార్డు పెట్టే ముందు శుభ్రం చెయ్యాల్సిన చోట్లు మూడు: 14 పిన్నుల పవర్ కనెక్టరు, ర్యామ్ సిమ్‌లు (మెమరీ చిప్పులున్న చిన్న బోర్డులు), 96 పిన్నుల కార్డు స్లాటు.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 99 శాతంది వాడండి. మందుల షాపు స్పిరిట్‌లో నీరు ఉంటుంది, అది మిగిలిపోయి మళ్లీ చిలుము పట్టిస్తుంది. పెట్రోలు, థిన్నరు దగ్గరికి రానివ్వకండి, పాత ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. రబ్బరుతో రుద్దే అలవాటు కొందరికి ఉంది. తగిరం పూత ఉన్న సిమ్ అంచు మీద తేలిగ్గా ఒకసారి రుద్దితే ఫరవాలేదు గానీ, బంగారు పూత మీద వద్దు, పలచని పొర లేచిపోతుంది. సిమ్‌లు తీసేటప్పుడు సాకెట్టు ప్లాస్టిక్ చెవుల్ని గోటితో సగం మిల్లీమీటరు మాత్రమే పక్కకి వంచండి. ముప్పై ఏళ్లు దాటిన ప్లాస్టిక్ అది. చెవి విరిగితే సిమ్ వదులవుతుంది, మీరేమో ఆ తప్పు కార్డు మీద వేస్తారు.

ఇక బిగింపు. ఎస్‌ఈలో కార్డు లాజిక్ బోర్డు మీద సమాంతరంగా పడుకుంటుంది. బోర్డుని గట్టి బల్ల మీద, అడుగున నురుగు షీటు వేసి పెట్టండి. 96 పిన్నులు మూడు వరసలు. ముందు పక్కనుంచి చూసి ఒక్క పిన్ను కూడా వంగలేదని నిర్ధారించుకోండి. వంగితే సన్న మొన పట్కారుతో ఒకే ఊపులో సరిచెయ్యాలి, ముందుకీ వెనక్కీ వంచితే విరుగుతుంది. కార్డు కనెక్టరుని సరిగ్గా పైన పెట్టి, రెండు కొసల దగ్గరా బొటనవేళ్లు ఆనించి సమంగా నొక్కండి. ఒక కొస ముందు దిగి రెండోది లేస్తే ఆపి, తీసి మళ్లీ మొదలెట్టండి. మధ్యలో చిప్పుల మీద నొక్కితే బోర్డు వంగి సోల్డర్ చీలుతుంది. పూర్తిగా దిగాక రెండు కనెక్టర్ల ప్లాస్టిక్ మధ్య ఖాళీ రెండు కొసల దగ్గరా ఒకేలా ఉండాలి. ప్లాస్టిక్ కాళ్లు ఉంటే పెట్టండి. లేకపోతే కార్డు వేలాడే కొస కింద నైలాన్ స్పేసర్ వెయ్యండి, లేదంటే కదిలినప్పుడల్లా బరువంతా కనెక్టరు మీదే పడుతుంది. చట్రానికి దగ్గరగా వచ్చే భాగం మీద కాప్టన్ టేపు అంటించండి. ఇన్సులేషన్ టేపు వద్దు, వేడికి జిగురు కారుతుంది.

68881 గురించి. స్ప్రెడ్‌షీట్లూ వర్డ్ ప్రాసెసింగూ వాడేవాళ్లకి పెద్దగా తేడా ఉండదు. ఎస్‌ఈ 256కె ఆర్‌ఓఎమ్‌లో (మిషన్ సొంత కోడు చెరగకుండా ఉండే చిప్పుల్లో) లెక్కలు చేసే శానే రొటీన్లు 68881 గురించి ఎరగవు. కార్డుతో వచ్చిన కంట్రోల్ ప్యానెల్ ఆ రొటీన్లని దారి మళ్లిస్తేనే మామూలు ప్రోగ్రాములకి లాభం. నేరుగా 68881ని పిలిచే ఇంజినీరింగ్, గ్రాఫుల ప్రోగ్రాములుంటే మాత్రం తప్పక పెట్టండి. అవి అది లేకపోతే బాంబు బొమ్మ (సిస్టమ్ ఆగిపోయిందని చెప్పే గుర్తు) చూపిస్తాయి, నంబరు 10. 16 మెగాహెర్ట్జ్‌ది సరిపోతుంది, 68882 కూడా అదే సాకెట్‌లో కూర్చుంటుంది. పిన్నుల చతురస్రం కాబట్టి తప్పు దిశలో కూడా దిగగలదు. చిప్పు మూలలో గుర్తూ సాకెట్ మూలలో గుర్తూ ఒకే చోటికి రావాలి. తప్పుగా పెట్టి కరెంటు ఇస్తే చిప్పు అయిపోతుంది. ఇది మాత్రం మొదటి రోజే పెట్టొద్దు. కార్డు ఒక్కటే కుదురుకున్నాక పెట్టండి.

నాగావళి68కె:

ముగ్గురికీ చాలా థాంక్స్. బ్యాటరీ తీసేశాను, కారలేదు. కార్డు లేకుండా పోర్టు దగ్గర 5.01 వచ్చింది. లేబుల్ మీద 240 దాకా ఉంది. ఇంకో రెండు సందేహాలు. కార్డు పెట్టాక 4 ఎంబీ హద్దు దాటొచ్చా? ఫ్లాపీ సరిగ్గా చదవదని ఎక్కడో విన్నాను, నిజమేనా?

గంటస్తంభం (విజయనగరం):

4 ఎంబీ హద్దు ప్రాసెసర్‌ది కాదు, ఎస్‌ఈ మెమరీ పటానిది. ర్యామ్ అడ్రసులు సున్నా నుంచి 4 ఎంబీ దాకా, సరిగ్గా అక్కడి నుంచి ఆర్‌ఓఎమ్ మొదలు. కార్డు మీద సొంత ర్యామ్ ఉండి, ప్రత్యేక సాఫ్ట్‌వేర్ ఉంటే తప్ప దాటలేరు. మీదానిలో కాష్ మాత్రమే ఉంది. 68020లో మెమరీ మేనేజ్‌మెంట్ యూనిట్ కూడా లేదు, కాబట్టి సిస్టమ్ 7 వర్చువల్ మెమరీ ఆశ కూడా వద్దు. 6.0.8తోనే ఉండండి, 4 ఎంబీలో అది హాయిగా ఉంటుంది.

వేగం ఎక్కడ వస్తుందో తెలిస్తే ఫ్లాపీ సంగతి అర్థమవుతుంది. కార్డు స్లాటులోంచి బస్సుని అడిగి పుచ్చుకుంటుంది, బోర్డు మీద 68000 పక్కకి తప్పుకుంటుంది. 68020 లోపల 32 బిట్లు, మీ ఎస్‌ఈ దారి మాత్రం 16 బిట్లే, 8 మెగాహెర్ట్జ్‌కి కొంచెం తక్కువే. బోర్డు ర్యామ్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ ఆ పాత వేగానికి దిగాల్సిందే, పైగా స్క్రీన్ గీయడానికి వీడియో సర్క్యూట్ కూడా ఆ ర్యామ్ సమయంలో వాటా తీసుకుంటుంది. కాబట్టి లాభమంతా 32కె కాష్‌లోనూ, 68020 లోపలి 256 బైట్ల ఇన్‌స్ట్రక్షన్ కాష్‌లోనూ ఉంది. కాష్ ఆపేస్తే కార్డు ఉన్నా లేనట్టే.

800కె డ్రైవులో డిస్కు మీదినుంచి వచ్చే బైట్లని ప్రాసెసరే ఒక్కొక్కటిగా పట్టుకోవాలి. ఆ కోడు ప్రాసెసర్ వేగాన్ని లెక్కేసి రాసినది. మంచి కార్డులు ఫ్లాపీ చిప్పు జోలికి వెళ్లినప్పుడు వాటంతటవే నెమ్మదిస్తాయి. నెమ్మదించకపోతే బాగున్న ఫ్లాపీని కూడా ‘ఈ డిస్కు చదవలేకపోతున్నాను, ఇనిషియలైజ్ చెయ్యనా’ అని అడుగుతుంది. ఎట్టి పరిస్థితిలోనూ సరే అనకండి, ఎజెక్ట్ నొక్కండి. లేకపోతే ఫ్లాపీలో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో కాష్ ఆపి మళ్లీ చూడండి, చదివితే లోపం డిస్కుది కాదని తేలినట్టే. మొదటి పరీక్షలకి రైట్ ప్రొటెక్ట్ కిటికీ తెరిచి ఉన్న ఫ్లాపీలే పెట్టండి.

ఇంకోటి, బ్లూస్కజీ కార్డులోని డిస్క్ ఇమేజ్‌ని ముందే పీసీలోకి కాపీ చేసి పెట్టుకోండి. వేగం కుదరని మిషన్ డిస్కు మీద రాస్తూ ఆగిపోతే డైరెక్టరీయే చెడిపోతుంది. ఇంకే ఇనిట్‌లూ (మిషన్ లేచేటప్పుడే నడిచే చిన్న ప్రోగ్రాములు) లేని, ఒట్టి 6.0.8 ఉన్న ఇమేజ్ ఒకటి వేరేగా తయారు చేసి, మొదట దానితోనే లేపండి.

నాగావళి68కె:

కార్డు పెట్టాను. కరెంటు ఇస్తే లేచేటప్పుడు వచ్చే బాంగ్ శబ్దం లేదు, స్క్రీన్ నిండా చారలు, అంతే. ఆపి కార్డు తీస్తే మామూలుగా లేస్తోంది. కార్డు ఉన్నప్పుడు పోర్టు దగ్గర 4.83. కార్డు పోయిందంటారా? ఎస్‌ఎమ్‌పీఎస్‌లో ప్రీసెట్ (వోల్టేజి సర్దే చిన్న స్క్రూ) తిప్పి 5.1 చెయ్యనా?

బొబ్బిలి_సోల్డర్:

ప్రీసెట్ ముట్టుకోకండి. అది తిప్పితే 12 వోల్టులు కూడా దానితోపాటు పెరుగుతుంది, స్క్రీన్ సైజు మారుతుంది, అసలు జబ్బు అలగే ఉంటుంది. కార్డు పోయిందని కూడా ఇప్పుడే అనకండి.

ఏటంటే, చారలు వేరు, శాడ్ మ్యాక్ వేరు. ఏడుపు ముఖం, కింద అంకెలు కనిపిస్తే ప్రాసెసర్ ఆర్‌ఓఎమ్ కోడు నడిపిందన్నట్టు. అప్పుడు అంకెలు చదివి ర్యామా, ఇంకోటా చెప్పొచ్చు. చారలంటే ప్రాసెసర్ మొదటి అడుగు కూడా వెయ్యలేదు. దానికి కారణాలు మూడే: కార్డుకి చాలినంత వోల్టేజి అందలేదు, 96 పిన్నుల్లో ఏదో అంటడం లేదు, లేదా నిజంగానే చిప్పు పోయింది. మొదటిది కొలిస్తే తేలిపోతుంది, అదే ముందు చూడాలి.

డొప్ప తీసి ఉండగా మూడు చోట్ల కొలవండి. మొదటిది అనలాగ్ బోర్డు మీద లాజిక్ బోర్డు కేబుల్ మొదలయ్యే కనెక్టరు, 5 వోల్టుల కాలు. రెండోది పోర్టు. మూడోది కార్డు మీద పాల్ చిప్పు: 20 కాళ్ల పాల్ అయితే 20వ కాలు ప్లస్, 10వ కాలు గ్రౌండ్. 24 కాళ్లదైతే 24, 12. మినీ క్లిప్పులు ముందే తగిలించి, చేతులు బయట పెట్టుకుని స్విచ్ వెయ్యండి. చదివి, ఆపి, తర్వాతి చోటికి మార్చండి. మొదటి చోటే తక్కువుంటే ఎస్‌ఎమ్‌పీఎస్. అక్కడ బాగుండి తర్వాత పడిపోతుంటే కాంటాక్టులు.

నాగావళి68కె:

అనలాగ్ బోర్డు దగ్గర 4.97, పోర్టు దగ్గర 4.83, కార్డు మీద పాల్ దగ్గర 4.71.

కళింగపట్నం_లైట్‌హౌస్:

ఇంకేం, సమాధానం ఆ మూడు అంకెల్లోనే ఉంది. ఎస్‌ఎమ్‌పీఎస్ లోడు మోస్తోంది. కేబుల్, పవర్ కనెక్టరు దగ్గర 0.14, కార్డు స్లాటు దగ్గర 0.12 వోల్టులు పోతున్నాయి. కార్డుకి 4.75 కూడా అందడం లేదు. కార్డు లేనప్పుడు కరెంటు తక్కువ కాబట్టి ఇదే కాంటాక్టు కనిపించకుండా సర్దుకుపోయింది.

పవర్ కనెక్టరు ఆడ పిన్నుల్ని టార్చి వేసి చూడండి. 5 వోల్టుల పిన్ను ప్లాస్టిక్ పక్కవాటి కన్నా గోధుమ రంగుకి తిరిగి ఉంటే అక్కడ వేడి పుట్టినట్టు. ఐసోప్రొపైల్‌లో ముంచిన ఇంటర్‌డెంటల్ బ్రష్ ప్రతి రంధ్రంలో తిప్పండి. పిన్ను వదులైతే ప్లాస్టిక్ పక్క సందులోంచి సన్నని సూదితో నాలుకని నొక్కి పిన్ను బయటికి తీసి, దాని పట్టుని పట్కారుతో కొద్దిగా బిగించి, మళ్లీ దూర్చండి. టక్‌మని దిగాలి. లాజిక్ బోర్డు వైపు మగ పిన్నుల అడుగున సోల్డర్ కూడా కొత్తగా వెయ్యండి. 96 పిన్నుల స్లాటుకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, కార్డుని నాలుగైదుసార్లు పెట్టి తియ్యండి. ఆ రాపిడికే చిలుము పోతుంది. క్లీనర్ పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వండి, కనీసం గంట.

నాగావళి68కె:

కళింగపట్నం గారూ, మీరు చెప్పినట్టే 5 వోల్టుల పిన్నులు రెండు గోధుమ రంగులో ఉన్నాయి. శుభ్రం చేసి, పట్టు బిగించి, సోల్డర్ వేశాను. ఇప్పుడు 4.98, 4.95, 4.93. బాంగ్ వచ్చింది, ఒట్టి 6.0.8 ఇమేజ్‌తో ఫైండర్ (ఫైళ్లు చూపించే తెర) దాకా వచ్చేసింది, విండోలు తెరుచుకునే వేగమే మారిపోయింది! కానీ నా పాత ఇమేజ్‌తో లేపితే వెల్‌కమ్ పలకరింపు అయ్యాక బాంబు బొమ్మ, ఐడీ 03.

గంటస్తంభం (విజయనగరం):

శుభం. మీ హార్డ్‌వేర్ అయిపోయింది, మిగిలింది సాఫ్ట్‌వేరే. 03 అంటే ప్రాసెసర్‌కి అర్థంకాని ఇన్‌స్ట్రక్షన్. ఒట్టి ఇమేజ్ లేస్తోంది కాబట్టి పాత ఇమేజ్‌లో ఏదో ఇనిట్. 68000 కాలపు కొన్ని ఇనిట్‌లు నడుస్తూ తమ కోడుని తామే మార్చుకుంటాయి. 68020 ఇన్‌స్ట్రక్షన్ కాష్‌లో పాత కోడే ఉండిపోయి, అడ్డదిడ్డంగా నడుస్తుంది. ఎక్సెప్షన్ వచ్చినప్పుడు స్టాక్ మీద పేర్చే తీరు కూడా 68000లో ఒకలా, 68020లో ఇంకోలా ఉంటుంది. దాన్ని గుడ్డిగా నమ్మిన డీబగ్గర్లూ, కాపీ రక్షణ ఉన్న ఆటలూ ఇక్కడే పడతాయి.

సిస్టమ్ 6లో షిఫ్ట్ నొక్కి ఇనిట్‌లు ఆపే సదుపాయం లేదు, అది 7లో వచ్చింది. ఒట్టి ఇమేజ్‌తో లేపి, పాత ఇమేజ్‌ని రెండో డిస్కుగా పెట్టి, దాని సిస్టమ్ ఫోల్డర్‌లోంచి ఇనిట్‌లూ కంట్రోల్ ప్యానెల్‌లూ సగం బయటి ఫోల్డర్‌లోకి లాగండి. లేస్తే దోషి బయట ఉంది, లేవకపోతే లోపల ఉంది. మళ్లీ సగం చెయ్యండి. స్క్రీన్ సేవర్లనీ, ఫాంట్ మెనూ మార్చేవాటినీ ముందు అనుమానించండి. అది దొరికాక కంట్రోల్ ప్యానెల్‌లో కాష్ ఆపి దాన్ని ఒక్కసారి నడిపి చూడండి, అప్పుడు నడిస్తే కారణం కాష్ అని నిర్ధారణ. దాని కొత్త వెర్షన్ వెతుక్కోండి, లేకపోతే వదిలెయ్యండి. ఒక్క స్క్రీన్ సేవర్ కోసం కాష్ ఆపుకుని తిరగడం దండగ.

నాగావళి68కె:

స్క్రీన్ సేవరే. తీసేస్తే పాత ఇమేజ్ కూడా లేచింది. ఫ్లాపీ కాష్ ఉన్నా చదువుతోంది. డొప్ప మూసెయ్యొచ్చా?

బొబ్బిలి_సోల్డర్:

మూసే ముందు ఫ్యాను చూసుకోండి. తొలి ఎస్‌ఈల్లో గుండ్రని డ్రమ్ములాంటి ఫ్యాను ఉంటుంది, దాని రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటే గాలి సగమైపోతుంది. పెయింటు బ్రష్‌తో దులపండి, బ్లోయరుతో మరీ వేగంగా తిప్పకండి. కేబుళ్లు ఫ్యానుకీ ట్యూబ్ మెడకీ తగలకుండా సర్దండి. స్పీకరు వైరు మర్చిపోతే శబ్దం రాక మళ్లీ కార్డు మీద అనుమానం వస్తుంది.

డొప్ప పెట్టాక స్క్రూలు ముందు చేత్తో వెనక్కి తిప్పండి, పాత మరలో టక్‌మని పడ్డాకే ముందుకి బిగించండి. తర్వాత గంటన్నర ఆపకుండా నడిపి, వేడి మీద ఉండగానే ఆపి, పోర్టులో వైరు దూర్చి, వెంటనే వేసి 5 వోల్టులు మళ్లీ చదవండి. చల్లగా ఉన్నప్పటి కన్నా 0.05 లోపు తేడా ఉంటే 68881 తెప్పించుకోండి. అంతకన్నా పడిపోతుంటే ఎస్‌ఎమ్‌పీఎస్ కెపాసిటర్లు మార్చేదాకా కొత్త లోడు ఎక్కించకండి. మే నెలలో మన గదుల వేడికి ఈ పరీక్ష ఇంకోసారి చెయ్యాలి.